పిల్లలు మాట వినకపోతే: హాస్టలా, మందులా, కౌన్సెలింగా, ఇంటిల్లిపాదికీ థెరపీనా? నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులకి ఒక పోలిక

పిల్లాడు ఎదురు తిరుగుతున్నాడని, వస్తువులు విసిరేస్తున్నాడని, బడి ఎగ్గొడుతున్నాడని ఎవరితోనైనా చెప్పుకుంటే మన వైపు మొదట వచ్చే సలహా హాస్టల్లో వేసేయమని, వాళ్ళే దారికి తెస్తారని. రెండోది తాయెత్తు. మూడోది ఈమధ్య ఎక్కువైంది, ఫలానా చోట ఒక సైకాలజిస్ట్ ఉన్నారట, ఒకసారి చూపించి రండి, ఆయన నాలుగు మాటలు చెబితే మారిపోతాడు అని. ఈ మూడూ చెప్పేవాళ్ళు మంచి మనసుతోనే చెబుతారు, అందులో సందేహం లేదు. కానీ మూడింట్లోనూ పిల్లాడిని ఎవరి చేతికో అప్పజెప్పి, బాగుచేసి తిరిగివ్వమంటున్నాం. ఇంట్లో మనం ఎట్టా ఉన్నామో అట్టాగే ఉంటాం, పిలకాయ మాత్రం మారి రావాలి.

నా సలహా ముందే చెప్పేస్తాను, ఎందుకో తర్వాత వివరంగా రాస్తాను. పదకొండు పన్నెండేళ్ళ లోపు పిల్లల మొండితనానికి, కోపానికి, ఎదురుతిరగడానికి ముందు ఎంచుకోవాల్సింది తల్లిదండ్రులకి ఇచ్చే శిక్షణ. అంతకంటే పెద్ద పిల్లలకి, లేదా ఇంట్లోనే గొడవలు ఉన్నప్పుడు, అందరూ కలిసి కూర్చునే ఫ్యామిలీ థెరపీ. రెంటిలో ఏది చేసినా బడిలోంచి, వీధిలోంచి, బంధువుల్లోంచి ఇద్దరు ముగ్గురు నమ్మకస్తులని తోడు కూడగట్టుకుని చేయండి, ఎందుకంటే మన ఊళ్ళలో పిల్లల పెంపకం తల్లీతండ్రీ ఇద్దరే చేసే పని కాదు, జేజి, మేనమామ, పక్కింటి అత్త, ట్యూషన్ సారు అందరి చెయ్యీ ఉంటుంది. మందులు కొన్ని జబ్బులకి అవసరం, మొండితనానికి కాదు. హాస్టల్ అసలు వైద్యమే కాదు.

ఏది ఎంచుకున్నా ముందు చేయాల్సిన పని

పిల్లాడికి ఏమైందో తేల్చుకోకుండా కౌన్సెలింగ్‌కి పరిగెత్తొద్దు. పిలిస్తే పలకడు, చెప్పింది చేయడు, బడిలో దిక్కులు చూస్తుంటాడు అంటే అది పొగరే కానక్కర్లేదు. చిన్నప్పటి నుంచి చెవిలో చీము కారుతూ వినికిడి తగ్గిన పిల్లలు అచ్చం ఇలాగే ఉంటారు. అక్షరాలు కూడబలుక్కోవడం రాని పిల్లాడు ఐదో తరగతిలో అల్లరి మొదలుపెడతాడు, ఎందుకంటే చదవడం రాదని నలుగురిలో తెలియడం కంటే అల్లరోడని పేరు రావడమే వాడికి నయం. నిద్ర చాలక, రక్తం తక్కువై, మూర్ఛ ఉండి చిరాకు పడే పిల్లలున్నారు. మంచిగా ఉన్న పిల్ల ఒక్కసారిగా మారిపోయిందంటే ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారేమోనని తప్పకుండా ఆలోచించాలి.

ఇదంతా చూడడానికి ప్రభుత్వ ఏర్పాట్లున్నాయి, చాలామంది వాడుకోరు. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా ఆర్‌బీఎస్‌కే అనే పథకం 2013 నుంచి నడుస్తోంది, అంగన్‌వాడీలకి, ప్రభుత్వ బడులకి వచ్చే వైద్య బృందం అదే. వాళ్ళు అనుమానం ఉన్న పిల్లలని జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే డీఈఐసీకి పంపాలి. నెల్లూరులో సీఆర్‌సీ ఉంది, అంటే వైకల్యాలున్నవాళ్ళ కోసం పెట్టిన ప్రాంతీయ కేంద్రం, సికింద్రాబాద్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ కింద నడిచే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది. ఎదుగుదల ఆలస్యం, ఆటిజం, మాట రాకపోవడం లాంటి అనుమానాలుంటే ముందు అక్కడికి వెళ్ళండి. వైకల్యం, ప్రత్యేక అవసరాలు ఉన్న పిల్లలకి మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, హెడ్‌మాస్టర్‌ని అడిగితే చెబుతారు. ఇవి తేలాక మిగిలేది నిజంగా ప్రవర్తన సమస్య అయితే, అప్పుడు ఈ కింద రాసినవాటిలో ఎంచుకోవాలి.

హాస్టల్

కార్పొరేట్ హాస్టళ్ళకి మన నెల్లూరే పుట్టిల్లు అన్నంత పేరు, అందుకే ఈ ఆలోచన అంత తేలిగ్గా వస్తుంది. చదువు కోసం వేస్తే అది మీ ఇష్టం, దాని గురించి నేనేమీ అనను. మొండితనం కుదర్చడానికి వేస్తే మాత్రం, ఇంట్లో పుట్టిన గొడవని ఊరు మార్చినట్టే. అక్కడ భయంతో ఆరునెలలు కుదురుగా ఉంటాడు, సంక్రాంతి సెలవులకి వచ్చిన మూడోరోజు పాత కథ మొదలు.

ఇది మన ఒక్క చోటే చూసింది కాదు. ఫ్యామిలీ థెరపీకి పునాది వేసినవాళ్ళలో ఒకరైన సాల్వడార్ మినూచిన్ న్యూయార్క్ దగ్గర తప్పుదారి పట్టిన మగపిల్లల రెసిడెన్షియల్ స్కూల్లో పనిచేసేవాడు. బడిలో బాగుపడిన పిల్లలు ఇంటికెళ్ళగానే మళ్ళీ మొదటికే రావడం అక్కడ వాళ్ళ బృందం చూసింది. దాంతో 1960లలో పిల్లలతో పాటు వాళ్ళ కుటుంబాలనీ కూర్చోబెట్టి పని చేయడం మొదలుపెట్టారు, ఆయన పద్ధతి అక్కడ రూపుదిద్దుకుంది.

హాస్టల్‌తో ఇంకో చిక్కు ఉంది. అల్లరి పిల్లలని ఒకచోట గుంపుగా పెడితే ఒకళ్ళ నుంచి ఒకళ్ళు నేర్చుకుంటారు. టామ్ డిషన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు దీని మీద 1990లలో గట్టిగా పని చేశారు, చిక్కుల్లో ఉన్న టీనేజీ పిల్లలని ఒక గ్రూపులో పెట్టి కౌన్సెలింగ్ చేస్తే కొందరిలో పొగతాగడం, గొడవలు పెరిగాయని చూపించారు. అందుకే 'మాట వినని పిల్లలకి స్పెషల్ క్యాంప్', 'క్రమశిక్షణ శిబిరం' అని ఎవరైనా కరపత్రం చేతిలో పెడితే డబ్బు కట్టే ముందు ఈ సంగతి గుర్తు పెట్టుకోండి. పెద్దల గ్రూపులు మేలు చేస్తాయి, అల్లరి పిల్లల గ్రూపులు చెడగొట్టగలవు.

ఒక్క సందర్భంలో మాత్రం పిల్లలు ఇంటికి దూరంగా ఉండటమే మేలు. ఇంట్లోనే పిల్లలకి ప్రమాదం ఉన్నప్పుడు. దాని గురించి కింద రాస్తాను.

పిల్లాడికి ఒక్కడికే కౌన్సెలింగ్

దిగులుగా ఉన్న టీనేజర్‌కి, భయాలతో నిద్రపోని పిల్లకి, ఏదో జరిగి లోపల ముడుచుకుపోయిన పిల్లలకి ఒంటరిగా కూర్చుని మాట్లాడే కౌన్సెలింగ్ బాగా పనికొస్తుంది. కోపంతో ప్లేటు విసిరే ఏడేళ్ళ పిల్లాడికి ఇదొక్కటే సరిపోదు. వారానికి ముప్పావు గంట మంచి మాటలు విన్న పిల్లాడు మిగతా వారమంతా ఉండేది మీ దగ్గరే కదా. 'మీరు బయట కూర్చోండి, నేను మాట్లాడతాను' అని మొదలుపెట్టి, పది సిటింగ్‌లు అయినా మిమ్మల్ని లోపలికి పిలవని కౌన్సెలర్ దగ్గర చిన్న పిల్లాడి ప్రవర్తన మారుతుందని నేను అనుకోను.

తల్లిదండ్రుల శిక్షణ

దీన్ని నేను ముందు పెట్టడానికి కారణం ఉంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన సూచనల్లో మూడు నుంచి పదకొండేళ్ళ పిల్లల ప్రవర్తన సమస్యలకి ముందు చెప్పింది తల్లిదండ్రుల గ్రూపు శిక్షణే, 10 నుంచి 16 సమావేశాలు, ఒక్కోటి గంటన్నర నుంచి రెండు గంటలు. పద్ధతుల పేర్లు చాలా ఉన్నాయి, ట్రిపుల్ పీ, ఇన్‌క్రెడిబుల్ ఇయర్స్, పీసీఐటీ అని, మన దగ్గర ఆ బోర్డులు కనబడకపోవచ్చు. అసలు సరుకు మాత్రం అన్నిట్లో దాదాపు ఒకటే. దాన్ని పేరుతో చెప్పడం కంటే ఒక ఇంట్లో జరిగింది చెబితే బాగా అర్థమవుతుంది.

కోవూరు దగ్గర ఒక ఇల్లు నాకు బాగా తెలుసు. నాన్న రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా, ఇంట్లో అమ్మ, జేజి, ఎనిమిదేళ్ళ పిల్లాడు. సాయంత్రం ఏడింటికి అమ్మ ఫోన్ లాక్కుంటుంది. పిల్లాడు అరుస్తాడు. అమ్మ ఇంకా గట్టిగా అరుస్తుంది. వాడు అన్నం పళ్ళెం తోసేస్తాడు. వసారాలోంచి జేజి, 'ఇచ్చెయ్యి తల్లీ, ఆ నాలుగు ముద్దలన్నా తింటాడు' అంటుంది. అమ్మ ఫోన్ ఇచ్చేస్తుంది. ఇల్లు సద్దుమణుగుతుంది.

ఇక్కడ ఎవరు ఏం నేర్చుకున్నారో చూడండి. పళ్ళెం తోస్తే ఫోన్ వస్తుందని పిల్లాడు నేర్చుకున్నాడు. ఇచ్చేస్తే గోల ఆగుతుందని అమ్మ నేర్చుకుంది. ఇద్దరికీ ఆ క్షణానికి లాభమే, అందుకే రేపు కూడా ఇదే జరుగుతుంది, ఇంకొంచెం గట్టిగా. అమెరికాలో ఒరెగాన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే ఆయన ఇళ్ళకి వెళ్ళి, కూర్చుని, తల్లీబిడ్డల మధ్య ఒక్కో మాటా ఒక్కో చేష్టా రాసుకుని ఈ చక్రాన్ని బయటపెట్టాడు. ఇది పెంపకం చెడ్డదని కాదు, తల్లి చేతకానిదని అంతకంటే కాదు. అలసిపోయిన ఏ ఇంట్లోనైనా ఇదే జరుగుతుంది.

శిక్షణలో నేర్పేది ఈ చక్రాన్ని తెంచడం. రోజూ ఓ పదినిమిషాలు పిల్లాడు ఏ ఆట ఆడితే ఆ ఆటలో కూర్చోవడం, అది చెయ్యి ఇది చెయ్యి అనకుండా. మంచి పని చేస్తే 'గుడ్ బాయ్' అని వదిలేయకుండా ఏం చేశాడో చెప్పి మెచ్చుకోవడం, 'చెప్పగానే చెప్పులు గూట్లో పెట్టావు, బాగుంది నాయనా' అని. ఒకసారికి ఒకే పని, చిన్న మాటలో చెప్పడం. చిన్న గోలని పట్టించుకోకపోవడం, పెద్ద తప్పుకి ముందే చెప్పిన చిన్న శిక్ష, ఫోన్ టైము తగ్గడం లాంటిది, కొట్టకుండా, అరవకుండా అమలు చేయడం. వినడానికి చాలా తేలిక, చేయడం కష్టం, ఎందుకంటే గోలని పట్టించుకోవడం మానేసిన మొదటి రోజుల్లో గోల తగ్గదు, పెరుగుతుంది. ఇంతకుముందు పళ్ళెం తోస్తే వచ్చింది ఇప్పుడు రావట్లేదు, కాబట్టి ఈసారి గ్లాసు పగలగొట్టి చూస్తాడు. చాలా ఇళ్ళల్లో ఇక్కడే వదిలేస్తారు, 'ఈ కౌన్సెలింగ్ వల్ల ఇంకా ముదిరింది' అని. సరిగ్గా ఆ రోజుల్లోనే తోడు కావాలి.

ఆ ఇంట్లో కౌన్సెలర్ చేసిన తెలివైన పని, జేజిని తప్పుపట్టకుండా తాళం ఆమె చేతికే ఇవ్వడం. ఏడింటికి ఫోన్ జేజి ట్రంకుపెట్టెలోకి వెళుతుంది, తీసే హక్కు ఆమెదే. 'ఇచ్చెయ్యి తల్లీ' అనే మనిషే కాపలాదారు అయింది. నాన్న గుంట మీద నుంచి ఎనిమిదింటికి ఫోన్ చేసి ఇవాళ ఏం మంచి పని చేశావురా అని ఒక్కటే అడగాలి, తిట్లు లేవు. పిల్లాడు అలిగి పక్కింట్లో టీవీ ముందు కూర్చుంటే ఆ పక్కింటి ఆమె 'అన్నం తిని రా, అప్పుడు చూద్దువు' అని పంపేయాలి. బడిలో టీచర్ రోజూ నోట్‌బుక్‌లో ఒక గీత, ఇవాళ ఎవరినీ కొట్టలేదు అంటే టిక్కు. ఇంతే. సముదాయం తోడుతో థెరపీ అంటే పెద్ద పెద్ద సమావేశాలు కాదు, పక్కింటి ఆమె ఆ ఒక్క మాట అనడం.

ఫ్యామిలీ థెరపీ ఎప్పుడు

పైన చెప్పిన శిక్షణలో పెద్దలు నేర్చుకుంటారు, పిల్లాడు మారతాడు. ఫ్యామిలీ థెరపీలో అందరూ ఒకే గదిలో కూర్చుంటారు, ఒకరి మాట ఇంకొకరి మీద ఎలా పడుతోందో థెరపిస్ట్ చూస్తారు. అమ్మానాన్నలకి మాటల్లేక కొడుకు ద్వారా కబుర్లు పంపుకునే ఇళ్ళు, పెద్దకూతురే చెల్లెళ్ళకి తల్లి అయిపోయిన ఇళ్ళు, నాన్న తాగుడు గురించి ఎవరూ మాట్లాడకుండా అందరూ పిల్లాడి చదువు గురించే కొట్లాడే ఇళ్ళు, వీటికి ఇదే సరైనది. టీనేజీ పిల్లలకైతే ఇది మరీ ముఖ్యం. విదేశాల్లో బాగా పరీక్షించిన రెండు పద్ధతులు ఉన్నాయి. ఫంక్షనల్ ఫ్యామిలీ థెరపీ 11 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి, మూడు నాలుగు నెలల్లో సుమారు పన్నెండు పద్నాలుగు సిటింగ్‌లు. మల్టీసిస్టమిక్ థెరపీ ఇంకా గట్టిది, చట్టంతో చిక్కులు తెచ్చుకున్న పిల్లల కోసం పుట్టింది, థెరపిస్టే ఇంటికి, బడికి వస్తారు, ఒక్కొక్కరి చేతిలో నాలుగు నుంచి ఆరు కుటుంబాలే ఉంటాయి, రాత్రీపగలూ ఫోన్‌లో దొరకాలి, మూడు నుంచి ఐదు నెలల్లో ముగించాలి. మన జిల్లాల్లో ఈ పేరుతో ఎవరైనా అమ్మితే ఈ షరతులు పాటిస్తున్నారో లేదో అడగండి, పేరు పెట్టుకున్నంత మాత్రాన అది అదే అయిపోదు.

కుటుంబాన్ని కలుపుకుని వైద్యం చేయడం మనకి కొత్త కాదు, దిగుమతి సరుకూ కాదు. అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ 1950లలోనే రోగుల బంధువులని ఆవరణలో గుడారాలు వేసి ఉంచి, వైద్యంలో భాగం చేశారు. మన వాళ్ళు ఏ జబ్బుకైనా రైలెక్కే వేలూరు సీఎంసీలో, బాగాయంలోని మానసిక వైద్య కేంద్రంలో కుటుంబ సభ్యులు రోగితో పాటే ఉండటం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫ్యామిలీ థెరపీకి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉంది.

అలాగని అందరూ వేలూరో బెంగళూరో వెళ్ళమని నేను చెప్పను. ఒకసారి వెళ్ళి జబ్బేమిటో తేల్చుకోవడానికి, కష్టమైన కేసులో రెండో అభిప్రాయానికి అవి మంచివి. వారం వారం చేయాల్సిన థెరపీకి దగ్గరలో దొరికేదే మేలు. మార్కాపురం నుంచో, ఉదయగిరి నుంచో కూలి మానుకుని, నలుగురికి బస్సు చార్జీలు పెట్టుకుని ఎన్నిసార్లు తిరగగలరు? రెండుసార్లు పెద్దచోటికి వెళ్ళి ఆపేసిన దానికంటే నెల్లూరు ప్రభుత్వాసుపత్రిలోనో ఒంగోలు జీజీహెచ్‌లోనో మానసిక విభాగం ఓపీలో చూపించుకుని, పదిహేను రోజులకోసారి వదలకుండా వెళ్ళడం చాలా నయం. మధ్యలో ఫోన్‌లో, వీడియోలో మాట్లాడతారా అని అడగండి, ఒప్పుకునేవాళ్ళు ఉంటారు.

పొదుపు సంఘం నుంచి ఏం ఆశించొచ్చు, ఏం ఆశించకూడదు

ఈ విషయంలో మన నెల్లూరు జిల్లాకి ఉన్న బలం వేరే చోట తక్కువ. కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాస్యత తరగతులకి వచ్చిన ఆడవాళ్ళు, రోశమ్మ ముందు నిలబడి, 1990ల మొదట్లో సారా కొట్లు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ వెనకే నెల్లూరులో పొదుపులక్ష్మి సంఘాలు పుట్టాయి. తాగుడు వల్ల పిల్లలు చెడిపోతున్నారన్న మాట మన ఆడవాళ్ళు ఏ పుస్తకమూ చూసి చెప్పలేదు. ఈ రోజుకీ సంఘం మీటింగ్‌కి కూర్చునే ఆ పది మందిలో ముగ్గురి ఇళ్ళల్లో ఇదే బాధ ఉంటుంది, పైకి చెప్పరు అంతే. ఊళ్ళో ఒక ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో చొరవ తీసుకుని, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వాళ్ళని మీటింగ్‌కి పిలవమని పీహెచ్‌సీ డాక్టర్‌ని అడిగితే, తల్లుల గ్రూపు అక్కడే మొదలవుతుంది. గదికి అద్దె లేదు, బస్సు చార్జీ లేదు, వారం మధ్యలో ధైర్యం సడలితే పక్క వీధిలోనే మనిషి ఉంది.

కనిగిరి, పామూరు వైపు అమ్మానాన్నలు హైదరాబాద్‌కి పనులకి వెళ్ళి పిల్లలని ముసలివాళ్ళ దగ్గర వదిలేసిన ఇళ్ళు ఎన్నో. అక్కడ శిక్షణ ఎవరికి? ఎక్కడో ఉన్న అమ్మకి కాదు, రోజూ అన్నం పెడుతున్న అవ్వకి. థెరపిస్ట్ దగ్గరికి అవ్వనే తీసుకెళ్ళండి, అమ్మానాన్నలు ఫోన్‌లో చేరండి. డెబ్బై ఏళ్ళ మనిషి పద్నాలుగేళ్ళ పిల్లాడి వెనక పరిగెత్తలేదు, అక్కడ మేనమామో ట్యూషన్ సారో రెండో మనిషిగా నిలబడకపోతే ఏ పద్ధతీ నడవదు.

ఇక జాగ్రత్తలు. సంఘం థెరపిస్ట్ కాదు, పంచాయితీ అసలే కాదు. తోడుండే వాళ్ళకి చెప్పాల్సింది వాళ్ళు చేయాల్సిన పని మాత్రమే, పిల్లాడికి ఏ జబ్బని రాశారు, కౌన్సెలర్‌తో ఏం చెప్పాడు అన్నది వాళ్ళకి అక్కర్లేదు. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా పాటించాలి, ఒక్క మాట బయటికి పోతే చదువు మాన్పించి పెళ్ళి చేసేదాకా వెళుతుంది. తోడు కోసం ఎవరిని ఎంచుకోవాలో పిల్లాడిని కూడా అడగండి, వాడు నమ్మని మనిషి మీకు ఎంత దగ్గరైనా వద్దు.

సముదాయం తోడు, కుటుంబం అందరూ కలిసి కూర్చోవడం, ఈ రెండూ అస్సలు పనికిరాని సందర్భం ఇంట్లోనే హింస, లైంగిక వేధింపు ఉన్నప్పుడు. బాధపెట్టిన మనిషి ఎదురుగా కూర్చోబెట్టి పిల్లని మాట్లాడమనడం ఇంకో హింస. అప్పుడు చేయాల్సింది చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్. పిల్లల మీద లైంగిక నేరం తెలిసిన వాళ్ళు ఫిర్యాదు చేయాల్సిందేనని 2012 పోక్సో చట్టం చెబుతుంది, 'పరువు' కోసం పెద్దమనుషుల మధ్య సర్దుబాటు చేయడం కుదరదు.

మందుల గురించి

ఏడీహెచ్‌డీ అని తేలితే, అంటే నిలకడలేనితనం ఇంట్లోనూ బడిలోనూ రెండు చోట్లా, కనీసం ఆరు నెలలుగా ఉండి, పన్నెండేళ్ళ లోపే మొదలై ఉంటే, మందులు బాగా పని చేస్తాయి, భయపడి ఎగ్గొట్టకండి. ఆరేళ్ళ లోపు పిల్లలకి మాత్రం అక్కడ కూడా ముందు తల్లిదండ్రుల శిక్షణే. మూర్ఛకి, తీవ్రమైన డిప్రెషన్‌కి మందుల అవసరం డాక్టర్ చెబుతారు. మొండితనానికి, ఎదురు మాట్లాడటానికి మామూలుగా మందు లేదు, నైస్ సూచనలు కూడా ఆ మాటే అంటాయి. మొదటి పది నిమిషాల్లోనే, బడి గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా నిద్రమత్తు మాత్ర రాసిచ్చారంటే ఇంకో డాక్టర్‌కి చూపించండి.

దర్గాకి, గుడికి, ప్రార్థనకి వెళ్ళాలా అని అడుగుతారు చాలామంది. ఏఎస్ పేట దర్గాకి ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు వచ్చి రోజుల తరబడి ఉంటాయి, అక్కడ దొరికే ధైర్యాన్ని నేను తక్కువ చేయను. మొక్కుకోండి, వైద్యం ఆపకండి. పిల్లాడిని కట్టేయడం, కొట్టించడం, పస్తు పెట్టడం అనే మాట ఎక్కడ వినబడినా బిడ్డని తీసుకుని వచ్చేయండి. మానసిక జబ్బు ఉన్న ఎవరినీ గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ, అంటే భారత పునరావాస మండలి, ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, చెప్పడానికి నసిగితే లేచి వచ్చేయండి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యంలో ఎండీ లాంటి పీజీ చేసినవారు, మందులు రాసేది వాళ్ళే. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకి పెట్టుకుని 'చైల్డ్ కౌన్సెలర్' అని బోర్డు కట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఎన్ని సిటింగ్‌లు పట్టొచ్చు, ఇంట్లో ఎవరెవరు రావాలి, ఇంటికెళ్ళి ఏం చేయాలో ప్రతిసారీ చెబుతారా, బడి టీచర్‌తో మాట్లాడతారా, మార్పు వచ్చిందని దేన్ని బట్టి లెక్కేస్తారు, ఇవన్నీ మొదటి రోజే అడగండి. నాన్న రాలేడంటే 'ఫర్వాలేదు, అమ్మ వస్తే చాలు' అని తేలిగ్గా తీసేసేవాళ్ళ కంటే, నాన్న ఖాళీగా ఉండే ఆదివారం పొద్దున టైము ఇచ్చేవాళ్ళని ఎంచుకోండి. పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్‌లు నడిచే రోజుల్లో కందుకూరు, కొండపి వైపు మగవాళ్ళు రాత్రుళ్ళు ఇంట్లో ఉండరు, ఆ సంగతి అడిగి తెలుసుకునే థెరపిస్ట్ మంచి థెరపిస్ట్.

బడి గురించి ఒక మాట. ఎనిమిదో తరగతి దాకా పిల్లాడిని బడి నుంచి తీసేయకూడదని, కొట్టడం, మానసికంగా వేధించడం కూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. 'టీసీ తీసుకెళ్ళండి' అని బెదిరిస్తే ఈ మాట గుర్తుచేయండి, గొడవకి దిగకుండానే, థెరపీ నడుస్తోందని, మూడు నెలలు టైము ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది, ఉచితం, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్ కౌన్సెలింగ్‌తోనే అంతా అయిపోదు, కానీ దగ్గర్లో ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళని అడగొచ్చు.

పిల్లలు చచ్చిపోతాననడం, చేయి కోసుకోవడం, నిప్పు పెట్టడం, కత్తి ఎత్తడం లాంటివి ఉంటే ఈ పోలికలన్నీ పక్కన పెట్టి ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళండి. వ్యవసాయం ఇళ్ళయితే పురుగుమందు, గడ్డిమందు డబ్బాలు ఈ పూటే ఇంట్లోంచి తీసి, తాళం వేసి, తాళంచెవి పెద్దవాళ్ళ దగ్గర పెట్టుకోండి. బెదిరింపేలే అని ఊరుకోవద్దు.

మిగతావాళ్ళకి గడువు మూడు నెలలు. మొదలుపెట్టిన రోజు ఒక కాగితం మీద వారంలో ఎన్నిసార్లు కొట్టాడు, ఎన్ని రోజులు బడి మానాడు, రాత్రి ఎన్నింటికి పడుకున్నాడు రాసి పెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్ళీ రాయండి. సగానికి తగ్గినా దారి సరైనదే, కొనసాగించండి. చెప్పినవన్నీ ఇంట్లో చేస్తూ కూడా ఏమీ తగ్గకపోతే థెరపిస్ట్‌కి ఆ కాగితం చూపించి, వేరే ఏదైనా జబ్బు ఉందేమో మళ్ళీ పరీక్ష చేయమని అడగండి, వేలూరో నిమ్హాన్సో వెళ్ళాల్సింది అప్పుడు.